అక్రోటు రొట్టె తినడానికి ఎవరొస్తారు?

లూడీ,

మన తలుపు ఎవరూ తట్టకుండా చేసింది నువ్వే. కాదని బుకాయించకు.

ఇక్కడ అందరం కులాసా, మీ అమ్మమ్మ మోకాళ్లు తప్ప. ఫిలడెల్ఫియా పార్టీ ఆఫీసులో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటాను.

"ఉక్కు కార్మికుల వార్డు మన పార్టీని ఎందుకు వదిలేసిందమ్మా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. ఓటర్ల లెక్కలు కట్టేదానివి, నన్నడుగుతావేం? మా నాన్న రోజుల్లో ప్రతి ఇంట్లో పోప్‌గారి ఫొటో పక్కన మన ప్రెసిడెంటు ఫొటో ఉండేది. మిల్లు మూతపడింది. యూనియన్ హాలు తాళం తుప్పు పట్టింది. నీలాంటి చదువుకున్న పిల్లలు నగరాలకు వెళ్లి, మన పార్టీ ఎలాగూ గెలిచే చోట ఇంకాస్త ఎక్కువ గెలిపిస్తున్నారు. మిగిలినవాళ్లను మీ ఆఫీసు "వయసు మీరిన తెల్లవాళ్లు, కాలేజీ మెట్లెక్కనివాళ్లు" అని ఒకే గంపలో వేసి అటకెక్కించింది. జనం మారితే ఓట్లు మారతాయంటారు మీరు. నిజమే. పలకరించేవాళ్లు మానేసినా మారతాయి! ఆ గడి మీ పట్టికలో ఉందా?

శుక్రవారం చర్చి నేలమాళిగలో అమ్మకానికి పిండిలో ఆలుగడ్డ కూరి పిరోగీలు చుట్టాం. మన వెనకవీధికి కొత్తగా వచ్చిన దేవిమాయ కూడా చెయ్యి కలిపింది. భూటాన్ నుంచి వెళ్లగొడితే నేపాల్‌లో శరణార్థుల శిబిరంలో పెరిగిన మనిషి.

"ఏమే, అంచుకు ఈ కుచ్చిళ్లేంటి? పిరోగీయా, పెళ్లికూతురి లంగానా?" అంది అమ్మమ్మ.

"మీది నీళ్లలో విచ్చుకుంటుంది బామ్మా. నాది విచ్చుకోదు. పందెం!"

కుండలో ఆలుగడ్డంతా కక్కింది అమ్మమ్మ పిరోగీయే. అందరం పడీ పడీ నవ్వాం.

"నాకు పౌరసత్వం వచ్చింది. మొదటి ఓటు ఈసారే" అంది దేవిమాయ. "మేం గిడ్డంగి పనికి వెళ్లే బస్సు తీసేశారు. దాని గురించి అడుగుదామంటే ఏ పార్టీవాళ్లూ రారే!"

"మా ఇంటికి మాత్రం వచ్చారా?" అంది అమ్మమ్మ. అని నావైపు దొంగచూపు చూసింది.

ఆ చూపు సంగతి ఇన్నాళ్లూ నీకు రాయలేదు. పోయినసారి అమ్మమ్మ అవతలివాళ్లకు ఓటేసింది. అవును, మన అమ్మమ్మే! ఎప్పటిలాగే మన పార్టీవాళ్ల కోసం అక్రోటు రొట్టె చుట్టి ఎదురుచూసింది. ఒక్కరూ రాలేదు. అవతలి పార్టీ తరఫున మంగలి స్టెఫ్కో వచ్చాడు. కూర్చున్నాడు, తిన్నాడు, మోకాళ్లెలా ఉన్నాయని అడిగాడు.

"గడప తొక్కి నా రొట్టె తిన్నవాడికి వేశాను. తప్పేంటే?" అంది.

నాకు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత నీమీద కోపమొచ్చింది, అది ఇంకా పోలేదు. మరి ఈసారో అని అడిగితే, "ఆదివారం రొట్టె చేస్తున్నా. ఎవరొస్తారో చూద్దాం" అంది. దేవిమాయను కూడా పిలిచింది. స్టెఫ్కో అప్పుడే చొక్కా ఇస్త్రీకిచ్చాడట!

కాబట్టి నా డిమాండ్లు:

శనివారం బస్సెక్కు.
మన వార్డును అటక మీంచి దించు.
అమ్మమ్మ తలుపు తట్టు. మనవరాలిగా కాదు, పార్టీ మనిషిగా.
దేవిమాయ బస్సు సంగతి కనుక్కుని రా. తెలియకపోతే తెలియదని చెప్పు.
ఫోను సంచిలో పెట్టు.
స్టెఫ్కో కంటే ముందు రా.
రెండో ముక్క పెడితే వద్దనకు.

ఇట్లు,
నీతో వాదన ఇంకా తేలని
మీ అమ్మ