పెట్టె మీద బొమ్మ లేని పజిల్

నవంబర్ 1, శనివారం

ఓర్వకల్లు పోయి ఖాదర్ మొహిద్దీన్ దగ్గర కొయ్య పజిల్ కొన్నాను. రెండు వందల ముక్కలు. అన్నీ ఆయన చేత్తో కోసినవే, ఏ రెండూ ఒకలా ఉండవు. ఎనిమిది వేల ఐదు వందలు. బీపీ తగ్గాలంటే ఫోన్ పక్కన పడేసి ఏదైనా హాబీ పెట్టుకోమన్నాడు డాక్టర్. రేటు విన్నప్పుడు మాత్రం పెరిగినట్టే అనిపించింది.

రెజీనాకు నాలుగు వందల యాభై అని చెప్పాను. ఇరవై ఏళ్ల కాపురంలో నేనాడిన అబద్ధాల్లో ఇదే ఖరీదైనది. ఆ రేటుకే మోసపోయొచ్చినావు అంది.

పెట్టె మీద బొమ్మ లేదేమని అమ్మ అడిగింది. ఏ బొమ్మ వస్తుందో తెలియకుండా పేర్చడమే దీని గొప్ప అన్నాను. బొమ్మ లేకపోతే దుడ్లు తగ్గించమని అడగల్యా అంది.

నవంబర్ 3, సోమవారం

రెండు గంటలు. తొమ్మిది ముక్కలు.

నవంబర్ 4

పదకొండు. అందులో రెండు తప్పు.

నవంబర్ 8, శనివారం

ఇది ఆట అని ఎంత చెప్పినా అమ్మకు ఎక్కడం లేదు. పగిలిపోయిన పటాన్ని మా హెన్రీకి అంటగట్టినారు అని పక్కింట్లో చెప్పిందట.

సోమవారం నుంచి ఐదు రోజులు ఆడిట్ పని మీద బద్వేలు. పజిల్ మీద దుప్పటి కప్పి, ఎవరూ ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాను.

నవంబర్ 14, శుక్రవారం

అమ్మ పూర్తి చేసేసింది. యాభై ఏళ్లు చేటలో బియ్యం ఏరిన కళ్లు. రెజీనా కూడా పక్కనే కూర్చుందట. కూరలో ఉప్పు గురించి కూడా మాటా మాటా పెరిగే ఇద్దరూ నాలుగు రోజులు ఒకే బల్ల దగ్గర. ఆఖరి ముక్క పెట్టింది రెజీనానే. ఓర్వకల్లు రాతికొండలు, మధ్యలో ఒక మేక. ఎంత బాగుందో.

మళ్లీ పగలకుండా అమ్మ డబ్బాడు ఫెవికాల్ పోసి అతికించి, ఫ్రేమ్ కూడా కట్టించింది.

ఒక ముక్కను గోటితో లేపి చూశాను, కదల్లేదు. నాలుగు వందల యాభైకి ఆ మొగమేంది అంది రెజీనా.

నవంబర్ 15

అమ్మ దాన్ని చర్చికి ఇచ్చేసింది. రేపు కోత పండుగ. అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పోయినేడు మనది కోడి, ఈసారి పటం అని శానా సంతోషంగా ఉంది.

నవంబర్ 16, ఆదివారం

వేలం వేసే సంఘ పెద్ద ప్రేమయ్య మైకు పట్టుకుని, మా అమ్మ పేరు చెప్పి, రాహేలమ్మగారి కానుక అన్నాడు. అంతకుముందే గుమ్మడికాయ ఆరు వందలు పలికింది. మా పటానికి పాట వందతో మొదలైంది. నేను రెండు వందలన్నాను. మనమిచ్చింది మనమే పాడుకునేదేంది అని రెజీనా చెయ్యి గిల్లింది. ఊరుకున్నాను. కాంట్రాక్టర్ లేవి మూడు వందలన్నాడు. ఒకటోసారి, రెండోసారి.

ఆ మేక వైపు చూశాను. అది ఎనిమిది వేల ఐదు వందలప్పా, నేనే కొన్న్యా అని నోరు జారాను. మైకు పక్కనే నిలబడి.

సంఘమంతా నావైపు తిరిగింది. రెజీనా తిరగలేదు. అదే భయం. అంత విలువైనదాన్ని మూడు వందలకు తీసుకుంటే నాకు పాపం, నాకొద్దు అన్నాడు లేవి. దేవునికిచ్చినదాని రేటు ఎవురికి తెలుసో వాళ్లే కట్టాల అంది అమ్మ. సంఘం ఆమెన్ అంది.

నా పజిల్ నేనే మళ్లీ కొన్నాను. మొత్తం పదిహేడు వేలు. పేర్చడానికి ఒక్క ముక్క లేదు.

నవంబర్ 19

రెజీనా మాట్లాడి మూడు రోజులు. పటాన్ని హాల్లో తగిలించింది మాత్రం ఆమే. సాయంత్రాలు అమ్మా, ఆమే ఖాళీ బల్ల ముందు ఊరికే కూర్చుంటున్నారు. అబద్ధం చెప్పినందుకు సిగ్గుగా ఉంది.

నవంబర్ 22

రెజీనా ఓర్వకల్లు పోయి ఇంకో పెట్టె తెచ్చింది. మీద బొమ్మ లేదు. అమ్మ అప్పుడే కళ్లజోడు తుడుచుకుంటోంది. ఫెవికాల్ డబ్బా దాచేసి వచ్చి, ఎంతయింది అని అడిగాను.

నాలుగు వందల యాభై అంది.