కూర్మారావు తినని గుడ్డు

ఆమదాలవలస

జగన్నాధం అన్నయ్యకు చెల్లెలు అప్పలనరస నమస్కరించి రాయడం. అబ్బాయి కూర్మారావు గండం గడిచి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు, దిగులు పడకు. ఫోన్లో చెబితే పక్కనే ఉండి వింటాడని కార్డు రాస్తున్నాను.

వాడు వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు, లేచి శ్రీకూర్మం దాకా నడిచి స్వామికి దణ్ణం పెట్టుకునేవరకూ ఇంట్లో నీచు ముట్టమని మొక్కుకున్నాను. ఇప్పుడు వాడి కాళ్ళలో కండ లేదు. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి కూలబడుతున్నాడు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, "పప్పొక్కటీ సాల్దమ్మా, గుడ్డు, సేప పెట్టు. కండొస్తేనే నడుస్తాడు" అంది. స్వామికి చెంపలేసుకుని నిన్న నేనే గుడ్డు ఉడకబెట్టి ఒలిచి ఇచ్చాను. వాడు పళ్ళెం పక్కకు నెట్టి, "నువ్వు మొక్కబట్టే బతికినాను గదమ్మా. నడిసెల్లొచ్చినాకే తింటాను" అన్నాడు. ఉత్త దణ్ణమంటే పోయేది, నడక మాట ఎందుకు కలిపానా అని కుమిలిపోతున్నాను.

మావ మాటైతే వింటాడు, నువ్వొచ్చి చెప్పు. వచ్చేటప్పుడు వాడికి రాగి అంబలి కాయడానికి కాస్త చోడిపిండి తే. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

నువ్వొచ్చేసరికి వాడి కాళ్ళ మీద దుప్పటి కప్పి ఉంచుతాను. తీసి చూడకు.