ఆరాధన వీడియోలో ముసలాయన

నవంబర్ 9, ఆదివారం

మా అమ్మాయి ఆరాధన పెట్టిన వీడియోని లక్ష మంది చూశారు! లక్ష! దేవుడికి స్తోత్రం. ఒంగోల్లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే నా కూతురి పాఠాన్ని ఇంతమంది విన్నారంటే నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. నేనింకా చూడలేదు, ఫోన్లో నెట్ అయిపోయింది. అయినా పాస్టరు గారికీ, టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేశాను.

పాఠం క్యాచ్ అనే మాట మీదట. నాకు తెలియనిదా! ఏడో తరగతితో ఆపేసిన నాకు ఆరాధన రోజూ ఫోన్లో ఇంగ్లీష్ నేర్పుతోంది. మొన్నంతా ఇదే మాట. క్యాచ్, గ్రాబ్, సీజ్, క్యాప్చర్, ట్రాప్. వాక్యాలు చేసి వాయిస్ పెట్టు నాన్నా అంటుంది. మిరప చేలోంచే పెడతాను. ఐ సీజ్డ్ ద పర్చూరు బస్. ఐ క్యాప్చర్డ్ ఎ కోల్డ్. పురుగుల కోసం చేలో కట్టిన పసుపు జిగురు అట్టలకి తెల్లదోమ అంటుకుంటే, ఎల్లో కార్డ్ అరెస్టెడ్ ద ఫ్లైస్ అని పంపాను. తప్పని తెలుసు. కానీ నా బిడ్డ కోప్పడదు. సూపర్ నాన్నా, ఇంకోటి పెట్టు అంటుంది. పెళ్లయ్యాక అది రోజూ నాతో మాట్లాడటం ఇదే మొదలు.

నవంబర్ 10

రీచార్జి కొట్టు మూసి ఉంది. రేపు చూస్తా, కడుపునిండా చూస్తా.

నవంబర్ 11, సాయంత్రం

టీకొట్టు దగ్గర ఎలీషా తన ఫోన్లో వీడియో పెట్టాడు. పచ్చ చీరలో ఆరాధన ఎంత బాగుందో! పోలీసులు సరుకు పట్టుకుంటే సీజ్, సైన్యం కోట పట్టుకుంటే క్యాప్చర్, గబుక్కున చేత్తో లాక్కుంటే గ్రాబ్, బస్సుకీ జలుబుకీ మాత్రం క్యాచే అని చక్కగా చెప్పింది. తర్వాత, ఈ తాతగారిలా మాత్రం మాట్లాడకండి అంటూ నవ్వింది. ఒక గొంతు వచ్చింది. ఎలుక గొంతులా కీచుగా ఉంది. ఐ సీజ్డ్ ద పర్చూరు బస్.

గొంతు నాది కాదు. మాటలు నావి. బస్సు, జలుబు, తెల్లదోమ, వరసగా అన్నీ నావే.

టీకొట్టంతా గొల్లుమంది. ఒరేయ్ ప్రభుదాసూ, ఈ ముసలోడెవడో గానీ బస్సుకి బేడీలేయించాడ్రోయ్ అన్నాడు ఎలీషా. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా.

నవంబర్ 12

ఆరాధనకి ఫోన్ చేశాను. ముందు చీర బాగుందమ్మా అన్నాను. తర్వాత అడిగాను. యాప్‌తో గొంతు మార్చాగా నాన్నా, నువ్వని ఎవరికి తెలుస్తుంది, నీ పరువు కోసమే అంది. ఫన్ లేకపోతే ఎవరూ చూడరట. ఈసారి హోల్డ్ అనే మాట మీద నాలుగు వాక్యాలు పెట్టమంది. దిద్దుకోవద్దట. తప్పులే కావాలట.

అప్పుడు గుర్తొచ్చింది. ఒకరోజు కష్టపడి, ఐ కాట్ ద బస్ అని సరిగ్గా పంపాను. ఓకే అని ఒక్క ముక్క వచ్చింది. సూపర్ రాలేదు.

నవంబర్ 13

రీచార్జి కొట్టు తెరిచే ఉంది, వెళ్లలేదు. వాయిస్ పెట్టలేదు. అది అడగలేదు.

నవంబర్ 14

మా ఆవిడ అంకమ్మకి చెప్పాను. పిల్ల పైకొస్తుంటే నీ గొంతేమన్నా అరిగిపోద్దా, అంత బుంగమూతి ఎందుకు అంది. నిజమేననుకున్నాను. రీచార్జి చేయించి ఇంకోసారి వీడియో పెట్టుకున్నాను. నా బిడ్డ ఎంత తెలివిగా చెబుతుందో! కింద ఎవరో అడిగారు, ఆ తాత మీ ఫాదరా మేడమ్ అని. ఆరాధన జవాబిచ్చింది. అయ్యో కాదండీ, మా ఊళ్లో పొలం పనికెళ్లే ఎవరో తాతగారు.

పొలం పని నిజమే. తాతనన్నదీ నిజమే.

నవంబర్ 16, ఆదివారం

చర్చిలో సాక్ష్యాలప్పుడు పాస్టరు గారు నన్ను లేపారు. లక్ష మందిని ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాను. ఆ ముసలాయన నేనే, మా అమ్మాయికి నేను నాన్ననే అనీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

ఇంకా చెప్పవలసినవాళ్లు:

పొన్నూరులో అక్క.
మార్టూరులో రాళ్ల పాలిష్ పనిలో ఉన్న బావమరిది బెన్నీ.
చీరాల చిన్నమ్మ.
వియ్యంకుడు గారు, వియ్యపురాలు గారు.
అల్లుడు.
మనవరాలు లిడియా. దానికి మాత్రం ఫోన్లో కాదు.