పంది పండగ వాయిదా

బేకేష్‌చబ, జనవరి 3, గురువారం

ఎమెషెకు,

మెల్‌బోర్న్ నుంచి తిరుగు టికెట్ పదిహేడో తేదీకి కొన్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. అక్కడి టెన్నిస్ పోటీ రెండు వారాలు; మొదటి రౌండు ముగిసేదే పదిహేనున. అంటే నువ్వు ఆడకముందే ఓడిపోయావన్నమాట.

కారణం నాకు తెలుసు. పంతొమ్మిది, శనివారం, మన ఇంట్లో పందిని కోసే రోజు. నలభై ఆరేళ్లుగా ఆ రోజు ఇంటిల్లిపాదీ హాజరు. నీ టెన్నిస్ ర్యాంకు నాలుగు వందల పన్నెండు ఉన్న ఏడూ, రెండు వందల ముప్ఫై ఉన్న ఏడూ అర్హత పోటీల్లోనే ఓడి వేళకు వచ్చేశావు. "బతికించావే తల్లీ! సాసేజీల్లో మాంసం కూరడానికి చేతులు చాలక చస్తున్నాం. నీ సర్వీసు వంకరైనా కూరడం తిన్నగా ఉంటుంది" అన్నాడు బాలింట్ మామయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది నా తప్పు.

ఇప్పుడు నీ ర్యాంకు తొంభై ఆరు. తొలిసారి నేరుగా ప్రధాన పోటీలో ఆడబోతున్నావు. కాబట్టి:

1. ఇది అందగానే ఆ టికెట్ రద్దు చెయ్యి.

2. రెండో సర్వీసుకు బంతిని ఇంకాస్త పైకి ఎగరెయ్యి. డిసెంబరులో టీవీలో చూసిన మూడు ఆటల్లో పద్దెనిమిది సార్లు రెండో సర్వీసూ తప్పి డబుల్ ఫాల్టు చేశావు, లెక్కపెట్టాను.

3. నువ్వు ఓడేదాకా పందిని కొయ్యం. "మరి గెలుస్తూనే పోతే?" అని మామయ్య గొణిగాడు. "నువ్వు మేపుతూనే పో" అన్నాను.

4. ఈ సంగతి పందికి కూడా చెప్పాను. ఈ ఊళ్లో నువ్వు గెలవాలని అందరికన్నా గట్టిగా కోరుకునేది అదే. దాని తరవాత నేను.

అమ్మమ్మ