ఇల్లసొంటి బండి

అమ్మా, సుజిత రాస్తున్న. నేను మంచిగున్న, కడుపుల బిడ్డ కదులుతున్నది. ఫోన్ల ఏం చెప్పినా, నా మాట అయిపోకముందే వద్దంటవు, అందుకే కార్డు. మా టైర్ల షాపుల నేను బరువులు లేపుతలేను, కుర్చీల కూసుంటున్న. ఫికర్ చెయ్యకు.

మొన్న షాపుకు ఇల్లసొంటి బండి వచ్చింది. బొగ్గు బాయి పనిల రిటైరైన సదయ్య కాక పాత వ్యానుల మంచం, పొయ్యి పెట్టిచ్చిండు. నడుము పడిపోయిన భార్య సమ్మవ్వను పండుకోబెట్టి, భద్రాచలంల ఆమె చెల్లె దగ్గరికి తీస్కపోతున్నడు. బండి వణుకుడుకు నడుము నొప్పిలేసి అవ్వ ఏడుస్తున్నది. "ఇంటికి మర్రిపోదాం, నాతోని కాదు" అంటున్నది.

నీ అల్లుడు ముందటి చక్రాలు విప్పి మిషన్ మీద తిప్పిండు. తేలికున్న దిక్కు సీసం ముక్కలు కొట్టి, బండి వణకకుంట బరువు సరిచేసిండు. సదయ్య కాక బసంత్‌నగర్ దాక తోలుకపోయి వచ్చినంక "ఎట్లున్నదవ్వా?" అని అడిగిన. "మర్రిపోవుడెందుకు బిడ్డా, మా చెల్లె అన్నం వండి చూస్తుంటది" అన్నది. ఆ ముసలాయన అటు తిరిగి కండ్లు తుడుచుకున్నడు.

బర్రె ఈనిందా? చిన్నమ్మకు అప్పజెప్పు. మామిడి తొక్కు తే. నడుము నొప్పికి బస్సెక్కనన్నవు గదా, ఆదివారం చర్చి అయినంక నీ అల్లుడు కారు తెస్తడు. దాని చక్రాలు గూడ చూసిండు, మెల్లగ తోల్తడు. కాన్పుకు దవాఖానల నువ్వు పక్కకుండాలె అమ్మా. నాకు భయమైతున్నది, ఈయనకు చెప్పలే.

బాపుకు వందనాలు. ప్రభువు నిన్ను సల్లగ నా దగ్గరికి చేర్చాలె.

నీ బిడ్డ సుజిత, గోదావరిఖని