బురదకు గేటు తెరిపించమని కోరుతూ

తేదీ: మార్చి 12, గురువారం. తెల్లారేసరికి మా చేపలన్నీ ఒకేసారి నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి కనిపించిన రోజు.

పురపాలక కమిషనర్ గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: మురుగునీటి శుద్ధి కేంద్రంలోకి ఒక టాంకరు బురదను అనుమతించుట గురించి.

తమకు విన్నవించునది ఏమనగా, నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. శుద్ధి కేంద్రం నీళ్లు నదిలో కలిసే చోటికి కాస్త దిగువన మా నాన్న వల పంజరాల్లో చేపలు పెంచుతారు. మా ఇల్లు గడిచేది వాటి మీదే.

1. సోమవారం జరగబోవు తనిఖీ నిమిత్తం శుద్ధి కేంద్రం "అద్దంలా మెరవాలి" అని తమరు గత వారం ఉత్తర్వు జారీ చేసియున్నారు. సిబ్బంది తు.చ. తప్పకుండా అమలుపరిచారు. గాలి కొట్టే తొట్టెల్లోని గోధుమరంగు బురదనంతా తోడి పారబోసి, గోడలు చీపుళ్లతో రుద్ది, బ్లీచింగ్ పౌడర్ చల్లి కడిగారు. తొట్టెలు తళతళలాడుచున్నవి. వాటిలోకి వచ్చిన మురుగు వచ్చినట్టే నదిలోకి పోవుచున్నది.

2. నీళ్లు నల్లబడటం చూసి నిన్న పక్క ఊరి శుద్ధి కేంద్రానికి వెళ్లి, అక్కడి కెమిస్టు మేడం గారిని కలిశాను. ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "తొట్టెలు తోమేశారా? ఆ బురదలోని జీవాలే కదమ్మా మురుగును తినేది! పనివాళ్లందరినీ గెంటేసి ఫ్యాక్టరీ శుభ్రంగా ఉందంటే ఎలా?" వారి బురద ఒక టాంకరు ఇస్తామని, పాలకు తోడు వేసినట్టు మన తొట్టెల్లో కలిపితే కొద్ది రోజుల్లో పెరిగి పని మొదలుపెడుతుందని చెప్పారు.

3. ఈ మధ్యాహ్నం ఆ టాంకరు వచ్చి గేటు దగ్గర ఆగినది. వాచ్‌మన్ గారితో జరిగిన సంభాషణ యథాతథంగా:

"టాంకర్లో ఏంటమ్మా?"

"బురద, బాబాయ్."

"లోపలున్నది ఎత్తిపోసే కదా మా నడుములు విరిగాయి! మళ్లీ ఊరవతల నుంచి మోసుకొచ్చావా?"

"ఇది మంచి బురద, బాబాయ్."

"మంచిదైతే మీ ఇంట్లో పోసుకో తల్లీ. లోపల ఒక్క మరక పడినా నా ఉద్యోగం ఊడుతుంది. కమిషనర్ గారితో చెప్పించు, తీస్తా."

టాంకరు వెనక్కి పోయినది.

4. తమ కార్యాలయంలో గుమాస్తా గారు నన్ను పారిశుద్ధ్య విభాగానికి పంపారు. వారు "మా పని బురద తీయడం, వేయడం కాదు" అని నన్ను మళ్లీ గుమాస్తా గారి దగ్గరికి పంపారు. ఆయన భోజనానికి వెళ్లారు.

5. "నీటియందు ప్రాణవాయువు క్షీణించినది" అని రాసి కొట్టేశాను. మా చేపలకు ఊపిరాడటం లేదండీ. సగం చచ్చి తేలాయి. కాస్త గాలి కలుస్తుందని నాన్న పొద్దుటి నుంచి పడవలో కూర్చుని తెడ్డుతో నీళ్లు చిలుకుతూనే ఉన్నారు. "రా నాన్నా, రెండు ముద్దలు తిని వెళ్దువుగాని" అంటే, "నేను ఆపితే వాటి ఊపిరి ఆగుతుందే" అన్నారు.

తనిఖీకి వచ్చేవారు తొట్టెలతో పాటు, నదిలోకి పోయే నీళ్లను కూడా సీసాలో పట్టుకుని చూస్తారని మేడం చెప్పారు. ఆ సీసా ముందు తళతళలు నిలవవు.

కావున ఈ రాత్రే వాచ్‌మన్ గారికి ఒక్క ఫోను చేసి, గేటు తీయమని ఆజ్ఞాపించ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పంజరాల చేపలాయన రెండో కూతురు

తా.క.: బురద వేసినంత మాత్రాన నది రేపటికే బాగుపడదని తెలుసు. అందుకే రేపు తెల్లవారగానే నాన్న, నేను బతికిన చేపల పంజరాలను పడవకు కట్టి శుద్ధి కేంద్రానికి ఎగువకు లాక్కెళ్తున్నాం. టాంకరు మళ్లీ ఏడింటికి వస్తుంది. నేను నదిలో ఉంటాను కాబట్టి డ్రైవరు పక్కన మా అమ్మ కూర్చుని వస్తుంది. అమ్మకు అర్జీలు రాయడం రాదు సార్. గేటు ముందు టాంకరు మూత తీయించడం వచ్చు.