ఎదురుకాళ్ల బిడ్డ

న్యూకాసిల్, మార్చి 2003, బుధవారం

బిడ్డ ఇంకా ఎదురుకాళ్లతోనే ఉంది. హాస్పిటల్లో మా ఆవిడ పద్మ పొట్టను డాక్టరమ్మ రెండు చేతులతో నొక్కి, తిప్పాలని చూసింది. పద్మ నా వేళ్లు నలిపేసింది గానీ, బిడ్డ తల పక్కటెముకల కింద నుంచి కదల్లేదు. ఇక ఆపరేషనేనట.

ఫోన్లో అత్తయ్య, "పక్క మారేటప్పుడు లేచి కూర్చుని తిరగమన్నానా? లేవకుండా అలాగే దొర్లి ఉంటావు. అందుకే ఇలా అయింది," అంది.

"లేదమ్మా, ప్రతిసారీ లేచే తిరిగాను," అంటూ పద్మ ఏడ్చేసింది.

దానికీ దీనికీ సంబంధం లేదని మిడ్‌వైఫ్ ఎప్పుడో చెప్పిందన్నాను. "ఆ మాట అమ్మతో మీరే చెప్పండి," అంది పద్మ. చెప్పలేకపోయాను.

ఇప్పుడు అసలు కదలకుండా ఎడమవైపే పడుకుంది. పక్కనే నడుం వాల్చాను. నిద్ర పట్టక అటు తిరగాలనిపించింది. తిరిగే ముందు నేనూ లేచి కూర్చున్నాను.